గ్రిల్ హెల్మెట్ లేనిదే బ్యాట్ లేదు: గట్టి బంతితో ఆడే పిల్లలకు చేయవలసినవి, చేయకూడనివి

పెద్దారవీడు, దేవరాజుగట్టు, తోకపల్లి, గొబ్బూరు... ఏ ఊరైనా సంక్రాంతి సెలవులు వచ్చాయంటే కోత అయిపోయిన చేలల్లో, హైస్కూలు మైదానాల్లో వికెట్లు పాతేస్తారు. ఎండాకాలం సెలవుల్లో మళ్లీ అదే సందడి. టెన్నిస్ బంతితో ఆడినంత కాలం మొహానికి తగిలితే కాసేపు చుర్రుమంటుంది, అంతే. పిల్లలు కాస్త ఎదగగానే డ్యూస్ బంతి కావాలంటారు. డబ్బులు చాలకపోతే కార్కు బంతి తెచ్చుకుంటారు. అది చవక, గట్టిదనంలో మాత్రం ఏమీ తీసిపోదు. బంతి మారిన ఆ రోజునే మొహం మీదికి గ్రిల్ హెల్మెట్ కూడా రావాలి. మన దగ్గర బంతి ఒక్కటే మారుతోంది. నా బాధంతా దాని గురించే.

ముందు ఇంకో ఆట సంగతి చూద్దాం. మంచు హాకీ మన మార్కాపురం వైపు ఎవరూ ఆడరు. మన దేశంలో లద్దాఖ్ పిల్లలు చలికాలంలో గడ్డకట్టిన చెరువుల మీద ఆడతారు. ఆ ఆటలో బంతి ఉండదు, పక్ అనే గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది. దాని బరువు 156 నుంచి 170 గ్రాములు. మన డ్యూస్ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. దాదాపు ఒకే బరువు, రెండూ గట్టివే. ఆ ఆటలో 18 ఏళ్ల లోపు వారు ఎవరైనా మొహం మొత్తం కప్పే జాలీ గానీ, పారదర్శకమైన కవచం గానీ లేకుండా అంతర్జాతీయ పోటీల్లో మంచు మీద అడుగు పెట్టడానికి వీల్లేదు. ఆడేవాడి ఇష్టానికి, తల్లిదండ్రుల ఇష్టానికి, కోచ్ ఇష్టానికి వదిలిన విషయం కాదది.

ఆ నియమం ఊరికే రాలేదు. కెనడాలో టొరాంటో నగరపు కంటి వైద్యుడు టామ్ పాష్‌బీ, హాకీ ఆడుతూ కళ్లు పోగొట్టుకున్నవారి లెక్కలు దేశమంతటి నుంచీ సేకరించారు. ఒక్క 1974-75 సీజన్‌లోనే 40కి పైగా కళ్లు చూపు కోల్పోయాయని తేలింది. దెబ్బ తిన్నవారిలో ఎక్కువమంది పిల్లలే. 1970ల చివరికల్లా అక్కడ పిల్లల హాకీలో పూర్తి మొహపు రక్షణ తప్పనిసరి అయింది. ఆ తర్వాత ప్రమాణాలకు సరిపోయే జాలీ పెట్టుకుని ఆడే పిల్లల్లో చూపు పోవడం దాదాపు వినపడకుండా పోయింది. చెప్పి ఊరుకుంటే ఇంత మార్పు వచ్చేది కాదు. ఎందుకంటే అక్కడా ఇదే బెడద: మొహం కప్పుకున్నవాడు పిరికివాడన్న మాట. 1959 నవంబరు 1న న్యూయార్క్‌లో జాక్ ప్లాంట్ అనే పేరుమోసిన గోల్‌కీపర్ పక్ తగిలి మొహం చీరుకుపోయాక, కుట్లు వేయించుకుని వచ్చి, మాస్కు లేకపోతే మళ్లీ ఆడనని పట్టుబట్టాల్సి వచ్చింది. అంత పెద్ద ఆటగాడికే అంత కష్టమైతే, పదమూడేళ్ల పిల్లవాడు తోటివాళ్ల ముందు తనంతట తాను హెల్మెట్ అడుగుతాడని ఎలా అనుకుంటాం? అందరికీ ఒకే నియమం పెడితే ఎవరికీ సిగ్గు ఉండదు.

క్రికెట్‌లోనూ దారి ఎప్పుడో పడింది. ఇంగ్లండ్ బోర్డు 2000లోనే, 18 ఏళ్ల లోపు వారు గట్టి బంతితో బ్యాటింగ్ చేసేటప్పుడు, వికెట్ల దగ్గర నిలబడి కీపింగ్ చేసేటప్పుడు మొహానికి రక్షణ ఉండాలని నియమం తెచ్చింది. పెద్దల అంతర్జాతీయ మ్యాచ్‌లలో ఫాస్ట్ బౌలర్‌ను ఎదుర్కొనే బ్యాటర్‌కూ, వికెట్లకు ఆనుకుని నిలబడే కీపర్‌కూ, బ్యాటర్ ముందు దగ్గరగా నిలబడే ఫీల్డర్‌కూ ఐసీసీ 2023 జూన్ 1 నుంచి హెల్మెట్ తప్పనిసరి చేసింది. టీవీలో చూసే ఆటగాళ్లకు చదునుచేసిన పిచ్, మందులు పట్టుకుని గట్టు మీదే కూర్చున్న డాక్టరు, స్టేడియం బయట అంబులెన్సు ఉంటాయి. అయినా వాళ్లు పెట్టుకుంటున్నారు. మన పిల్లలకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

పిచ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రాంతంలో అసలు ప్రమాదం అక్కడే ఉంది. మనది పలకల నేల. దున్నినా, చదును చేసినా రాతిపెచ్చులు పైకి లేస్తూనే ఉంటాయి. రోలర్ తిప్పేవారు లేరు. వానలు తక్కువ కావడంతో నేల నెర్రెలిచ్చి బిగుసుకుపోతుంది. ఒక బంతి మోకాలి ఎత్తులో వస్తే, అదే చోట పడిన తర్వాతి బంతి గడ్డం దగ్గరికి లేస్తుంది. హైస్కూలు కుర్రాడు గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వేసినా బంతి సెకనుకు 25 మీటర్లు వస్తుంది. క్రీజు నుంచి క్రీజుకు ఉన్న దాదాపు 17.7 మీటర్లు దాటడానికి దానికి ముక్కాలు సెకను కూడా పట్టదు. అందులో బంతి నేలకు తగిలి ఎటు తిరిగిందో కనిపించాక బ్యాటర్‌కు మిగిలేది సుమారు పావు సెకను. కన్ను చూసింది మెదడుకు చేరి, చెయ్యి కదలడానికే అంత సమయం కావాలి. వికెట్ల వెనక మీటరున్నర దూరంలో కూర్చున్న కీపర్ పరిస్థితి ఇంకా కష్టం. బ్యాట్ అంచుకు తగిలి దారి మళ్లిన బంతి అతని మొహం దగ్గరికి రావడానికి పట్టేది సెకనులో సుమారు పదో వంతే. రెప్ప మూసేలోపే బంతి వచ్చేస్తుంది. కాబట్టి "మావాడు చురుకైనవాడు, తప్పుకుంటాడు" అన్న మాటను దయచేసి పక్కన పెట్టండి.

పలకల ఫ్యాక్టరీల్లో రంపం దగ్గర పనిచేసిన తల్లిదండ్రులకు చిన్న పెచ్చు ఎగిరి కంట్లో పడితే ఎంత యాతనో తెలుసు. ఇది 160 గ్రాముల పెచ్చు.

చేయవలసినవి

అన్నిటికంటే ముందు, గట్టి బంతి చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ హెల్మెట్ పెట్టించండి. మ్యాచ్ ఒక్కటే కాదు. సాయంత్రం సరదాగా వేసుకునే పది బంతులకూ, నెట్‌లో అన్న విసిరే త్రోడౌన్‌లకూ ఇదే నియమం. 2025 అక్టోబరులో మెల్‌బోర్న్‌లో 17 ఏళ్ల కుర్రాడు మెడకు బంతి తగిలి చనిపోయింది మ్యాచ్‌లో కాదు, నెట్ ప్రాక్టీసులో. అతను హెల్మెట్ పెట్టుకున్నాడు, మెడకు రక్షణ మాత్రం లేదు.

కొనేటప్పుడు దుకాణంలోనే బీఎస్ 7928:2013 అన్న గుర్తు వెతకండి. బ్రిటన్ ప్రమాణాల సంస్థ పెట్టిన పరీక్ష అది. బంతిని నిజంగా విసిరి, గ్రిల్‌కూ పైన ముందుకు పొడుచుకొచ్చే అంచుకూ మధ్య నుంచి అది లోపలికి దూరుతుందా, గ్రిల్ వంగి మొహానికి తగులుతుందా అని చూస్తారు. ఒంగోలులో, మార్కాపురంలో ఆ గుర్తు ఉన్న హెల్మెట్ అన్ని దుకాణాల్లోనూ ఉండకపోవచ్చు. అడిగితే తెప్పిస్తారు, అడగాలి. గుర్తు లేని పాత హెల్మెట్టే చేతిలో ఉంటే కనీసం ఈ పని చేయండి: మీరు ఆడబోయే బంతినే తీసుకుని ఆ సందులోకి బొటనవేలితో గట్టిగా నెట్టండి. బంతి లోపలికి పోతే, సగానికి పైగా దూరినా, ఆ హెల్మెట్ మీ పిల్లవాడి మొహాన్ని కాపాడదు. చిన్న పిల్లల బంతి పెద్దల బంతి కంటే సన్నగా ఉంటుంది. అందుకే పెద్దల హెల్మెట్‌ను ఆ బంతితోనూ పరీక్షించండి.

తల కొలత ముఖ్యం. హెల్మెట్ అంచు కనుబొమల మీద ఒక వేలు ఎత్తులో ఆగాలి. గడ్డం కింది పట్టీ బిగించాక ఒక వేలు మాత్రమే దూరాలి. పట్టీ పెట్టుకుని తల అటూ ఇటూ గట్టిగా విదిలించమనండి. హెల్మెట్ కదిలితే అది ఆ పిల్లవాడిది కాదు. "వచ్చే ఏడాదికి సరిపోతుంది లెమ్మ"ని చొక్కాలు కొన్నట్టు పెద్దది కొనకండి. వదులుగా ఉన్న హెల్మెట్ దెబ్బ తగిలినప్పుడు తిరిగిపోయి గ్రిల్‌నే ముక్కు మీదికి తెస్తుంది. జడ వేసుకునే అమ్మాయిలు జడను మెడ దగ్గర కిందుగా కట్టుకుంటే హెల్మెట్ సరిగ్గా కూర్చుంటుంది. వెనక మెడకు తగిలించుకునే రక్షణ ముక్క విడిగా దొరుకుతుంది. వీలైతే అదీ పెట్టించండి. 2014 నవంబరు 25న సిడ్నీలో ఆస్ట్రేలియా బ్యాటర్ ఫిలిప్ హ్యూజ్ తలకు హెల్మెట్ ఉండగానే, దాని కింద ఖాళీగా ఉన్న మెడకు బంతి తగిలి కూలిపోయాడు. రెండు రోజులకు చనిపోయాడు. ఆస్ట్రేలియా బోర్డు 2023 అక్టోబరు నుంచి తమ ఆటగాళ్లకు ఆ మెడ రక్షణను తప్పనిసరి చేసింది.

కీపింగ్ చేసే పిల్లవాడికి హెల్మెట్ ఇవ్వండి. ఇది విడిగా చెబుతున్నానంటే కారణం ఉంది. మన మైదానాల్లో హెల్మెట్ ఒక్కటి ఉంటే అది బ్యాటింగ్ చేసేవాడికే పోతుంది, కీపర్ టోపీ వెనక్కి తిప్పుకుని కూర్చుంటాడు. స్పిన్నర్ వేస్తుంటే భయమెందుకని అంటారు. దక్షిణాఫ్రికా కీపర్ మార్క్ బౌచర్ 2012 జులైలో ఇంగ్లండ్‌లోని టాంటన్‌లో స్పిన్నర్ ఇమ్రాన్ తాహిర్ బౌలింగ్‌కే కీపింగ్ చేస్తున్నాడు. బంతి కూడా కాదు, వికెట్ మీదినుంచి ఎగిరిన బెయిల్ ఎడమ కంట్లో గుచ్చుకుంది. మళ్లీ అంతర్జాతీయ మ్యాచ్ ఆడలేదు. మన కీపర్ సబా కరీమ్‌కు 2000లో ఢాకాలో కుంబ్లే బౌలింగ్‌లో బంతి కంటికి తగిలింది. ఆ తర్వాత అతని ఆట ఎక్కువ కాలం సాగలేదు. ఇద్దరూ దేశానికి ఆడినవారు, కీపింగ్ కిటుకులన్నీ తెలిసినవారు.

కళ్లద్దాలు పెట్టుకునే పిల్లలకు గాజు అద్దాలు కాకుండా పాలీకార్బొనేట్ అద్దాలు వేయించండి. వాటి మీద గ్రిల్ హెల్మెట్ తప్పదు. గాజు పగిలితే ఆ ముక్కలే కంట్లోకి వెళ్తాయి.

మైదానం ఆట ముందు ఒకసారి నడిచి చూడండి. పిచ్ మీద, ముఖ్యంగా బంతి పడే చోట, రాతిపెచ్చులు ఏరేయండి. గుంటలు మట్టితో నింపి, నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టండి. దీనికి ఖర్చు లేదు, అరగంట చాలు. పిచ్ మరీ పాడైతే ఆ రోజు టెన్నిస్ బంతితో ఆడించండి. పిల్లలు గునుస్తారు, గునవనివ్వండి.

చేయకూడనివి

హెల్మెట్ ఇంట్లో ఉందని ఊరుకోకూడదు. వేడికి ఉక్కపోస్తోందని రెండు ఓవర్లపాటైనా తీసేయకూడదు. వేసవిలో ఈ ప్రాంతంలో ఎండ 42, 43 డిగ్రీలు దాటుతుంది, హెల్మెట్‌లో చెమట కారడం నిజం. దానికి మందు ఆట వేళ మార్చడం. పొద్దున పది లోపు, సాయంత్రం అయిదు తర్వాత ఆడించండి. ఓవరు ఓవరుకూ హెల్మెట్ తీసి మొహం తుడుచుకుని నీళ్లు తాగనివ్వండి.

"మూడు బంతులే కదా" అన్న మాట ఎప్పుడూ అనకండి. భారత జట్టుకు ఆడిన రమణ్ లాంబా 1998 ఫిబ్రవరి 20న ఢాకా లీగు మ్యాచ్‌లో ఫార్వర్డ్ షార్ట్ లెగ్‌లో నిలబడ్డాడు. కెప్టెన్ హెల్మెట్ పెట్టుకోమంటే, ఓవరులో మిగిలింది మూడు బంతులే కదా అని వద్దన్నాడు. బ్యాటర్ బలంగా కొట్టిన బంతి నుదుటికి తగిలి, అక్కడి నుంచి వెనక్కి ఎగిరి కీపర్ చేతిలో క్యాచ్‌గా పడింది. లాంబా తనంతట తానే నడుచుకుంటూ బయటికి వెళ్లాడు. ఫిబ్రవరి 23న చనిపోయాడు. అప్పటికతను 38 ఏళ్లవాడు, క్రికెట్ అనుభవానికి లోటు లేనివాడు.

పిల్లలను షార్ట్ లెగ్‌లో, సిల్లీ పాయింట్‌లో అసలు నిలబెట్టకూడదు. హెల్మెట్ ఉన్నా సరే. ఇంగ్లండ్ నియమం ప్రకారం 15 ఏళ్ల లోపు విభాగాల పిల్లలు బ్యాటర్ బంతి ఆడేదాకా మధ్య వికెట్‌కు 8 గజాల లోపుకు రాకూడదు, 13 ఏళ్ల లోపు వారైతే 11 గజాల లోపుకు. ఆఫ్ వైపు వికెట్ల వెనక నిలబడేవారికి మాత్రమే మినహాయింపు. మన అంపైరు ఇంకేమీ కొలవనక్కర్లేదు, అడుగులతో లెక్కవేసి సున్నంతో గీత గీస్తే చాలు.

బైకు హెల్మెట్ పెట్టి పంపకండి. అక్కడక్కడా చూస్తున్నాను, ఏమీ లేనిదానికంటే మేలు కదా అని పెద్దవాళ్లే ఇస్తున్నారు. దాని ముందున్న ప్లాస్టిక్ అద్దం రోడ్డు మీద గాలికీ దుమ్ముకూ పనికొచ్చేది. దగ్గర నుంచి వచ్చే గట్టి బంతికి పరీక్షించింది కాదు. పగిలితే ముక్కలు కంటి మీదికే వస్తాయి. పైగా పక్కచూపు తగ్గి, బంతి కనపడేదే ఆలస్యమవుతుంది. అలాగే గ్రిల్ తీసేసిన హెల్మెట్ కూడా వద్దు. కడ్డీలు అడ్డొచ్చి బంతి కనపడటం లేదని పిల్లలు విప్పేస్తారు. కడ్డీలకు అలవాటు పడటానికి కొన్ని రోజుల ప్రాక్టీసు చాలు. వంగిన కడ్డీని సుత్తితో సరిచేయడం, విరిగిందానికి వెల్డింగు పెట్టించడం, చిప్పకు రంధ్రాలు వేయడం, రంగులు పూయడం, ఇవేవీ వద్దు. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి మెత్త నలిగిపోయి ఉంటుంది. దాన్ని మార్చాల్సిందే. ఎండలో బైకు మీదో, రేకుల గది మీదో రోజంతా వదిలేయకండి.

హెల్మెట్ అడిగిన పిల్లవాడిని చూసి ఎవరూ నవ్వకూడదు. ముఖ్యంగా మైకు పట్టుకుని కామెంట్రీ చెప్పేవారు. ఊరంతా వినే ఆ గొంతు ఒక్కసారి ఎగతాళి చేస్తే, ఆ మైదానంలో ఆ రోజుకు ఇంకెవ్వరూ హెల్మెట్ పెట్టుకోరు.

దెబ్బ తగిలితే

కంటికి తగిలితే నలపకూడదు, నొక్కకూడదు, కట్టు బిగించకూడదు. చనుబాలు పిండటం, ఆముదం వేయడం, పసుపు పెట్టడం అసలు వద్దు. కనుగుడ్డు చీరుకుని ఉంటే నీళ్లతో కడగడం కూడా హానే. కాగితపు గ్లాసు అడుగు కత్తిరించి, కంటికి తాకకుండా చుట్టూ ఎముక మీద ఆనేటట్టు పెట్టి, పైన ప్లాస్టరు అంటించండి. తల కొంచెం ఎత్తుగా ఉంచండి. ఆపరేషన్ అవసరం పడవచ్చు కాబట్టి తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి. నల్లగుడ్డు ముందు రక్తం చేరడం, ఒకటి రెండుగా కనిపించడం, కంటి ముందు మెరుపులు, నల్లటి చుక్కలు, తెర దిగినట్టు ఉండటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ పూటే కంటి డాక్టరు చూడాలి. వాపు తగ్గాక వెళ్దామని ఆగితే చూపు నిలిపే సమయం చేజారుతుంది. మార్కాపురం ప్రభుత్వాసుపత్రికి ముందు వెళ్లండి. అక్కడి డాక్టరు పెద్దాసుపత్రికి రాస్తే గుంటూరు దగ్గర పెదకాకాని శంకర కంటి ఆసుపత్రి, విజయవాడ పక్కన తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉన్నాయి. మూడు నాలుగు గంటల ప్రయాణం కాబట్టి తెల్లారేదాకా చూద్దామనుకోకండి.

పన్ను ఊడిపడితే వేరు పట్టుకోకుండా పైభాగం పట్టుకోండి. మట్టి అంటితే పాలతో మెల్లగా కడగండి, రుద్దకండి. పెద్ద పిల్లవాడైతే, శాశ్వత దంతమైతే, దాని గుంటలోనే తిరిగి పెట్టి గుడ్డ కొరికించండి. కుదరకపోతే పాలల్లో వేసి గంట లోపు దంతవైద్యుడి దగ్గరికి చేర్చండి.

తలకు తగిలితే ఆ రోజు ఆట ముగిసినట్టే. బాగానే ఉన్నానన్నా మళ్లీ బ్యాటింగ్‌కు పంపకండి. వాంతి, మగత, అడిగిందే అడగడం, తూలడం, తలనొప్పి పెరుగుతూ పోవడం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. లాంబా కూడా నడుచుకుంటూనే వెళ్లాడని గుర్తుంచుకోండి. ఇంటికి చేరాక ఆ రాత్రి పిల్లవాడి పక్కన పెద్దవాళ్లు ఒకరు పడుకోవాలి.

నిర్వాహకులకు, పీఈటీ సార్లకు

ఖర్చు గురించి మాట్లాడదాం, ఎందుకంటే అసలు అడ్డంకిగా చెప్పేది అదే. ప్రతి పిల్లవాడికీ ఒక హెల్మెట్ కావాలని నేననడం లేదు. ఒక సమయంలో మైదానంలో మొహానికి రక్షణ కావాల్సింది ఇద్దరు బ్యాటర్లకు, ఒక కీపర్‌కు. దగ్గర ఫీల్డర్లను నిలబెట్టడమే లేదు కాబట్టి మూడు చాలు. తలల కొలతలు వేరు కాబట్టి చిన్నవి రెండు, మధ్యస్థం రెండు, పెద్దవి రెండు ఉంటే టోర్నమెంటు మొత్తం నడుస్తుంది. వికెట్లు, బంతులు ఎవరి బాధ్యతో ఆ ఆరూ వారి బాధ్యతే. ప్రతి జట్టు కట్టే ఎంట్రీ ఫీజులోంచి కొంత, మొదటి బహుమతి సొమ్ములోంచి కొంత తీస్తే రెండు మూడేళ్లలో సమకూరతాయి. ఊరి దాతలు కప్పుల మీద పేరు వేయించుకుంటారు, హెల్మెట్ల మీద కూడా చిన్న స్టిక్కరు వేయండి, ఇస్తారు. 2023 డిసెంబరులో ఆడుదాం ఆంధ్ర క్రీడా పోటీలు మొదలైనప్పుడు గ్రామ సచివాలయాలకు క్రీడా కిట్లు వచ్చాయి. ఆ సంచుల్లో ఏం మిగిలాయో ఒకసారి అడిగి చూడండి. ఒకరి చెమట ఇంకొకరికి అంటకుండా లోపలి మెత్తను తడిగుడ్డతో తుడిచి, ప్రతి ఒక్కరూ తమ పల్చటి కర్చీఫు తలకు చుట్టుకుని పెట్టుకుంటే చాలు. దళసరి టోపీ మాత్రం కింద వద్దు, హెల్మెట్ పైకి లేచిపోతుంది.

టాస్ వేసే ముందు అంపైరు ఇద్దరు కెప్టెన్లనూ పిలిచి హెల్మెట్లు చేత్తో పట్టుకుని చూడాలి. పట్టీ ఉందా, గ్రిల్ స్క్రూలు బిగిసి ఉన్నాయా, బంతి సందులో దూరుతోందా. పెట్టుకోకుండా క్రీజులోకి వచ్చిన పిల్లవాడిని అవుట్ చేయాల్సిన పనిలేదు, ఆటను ఆపితే చాలు. హెల్మెట్ వచ్చేదాకా బౌలర్‌కు బంతి ఇవ్వకూడదు.

సంక్రాంతి టోర్నమెంటు కరపత్రాల్లో ఎంట్రీ ఫీజు, బహుమతి వివరాల కింద, అదే సైజు అక్షరాల్లో ఈ రెండు వాక్యాలు వేయించండి: "18 ఏళ్ల లోపు ఆటగాళ్లకు గ్రిల్ హెల్మెట్ లేనిదే బ్యాటింగ్, కీపింగ్ అనుమతి లేదు. హెల్మెట్లు కమిటీ వారే ఇస్తారు."